దొంగల సంఘంలో ఎవరికి ఎంత తెలియాలి?

ఫాంటసీ కథలు రాసేవాళ్లూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలు నడిపేవాళ్లూ దొంగల సంఘాన్ని అల్లేటప్పుడు ముందుగా ఒక నిచ్చెన వేసుకుంటారు. అడుగున జేబుదొంగ, వాడి పైన కన్నపుదొంగ, ఆ పైన గజదొంగ, అందరికీ పైన ముసుగు వేసుకున్న నాయకుడు. ఆ తర్వాత దానికి రహస్యం అనే పూత పూస్తారు. ఒక సంకేతపదం, ఒక నేలమాళిగ, నెత్తురుతో ఒక ఒట్టు. ఇలా కట్టిన సంఘం కథ నాలుగడుగులు నడిచేసరికి కూలిపోతుంది. ఒకడు పట్టుబడితే మిగతావాళ్లు ఎందుకు దొరకలేదో చెప్పలేం. అందరూ దొరికిపోతే ఇన్నేళ్లు సంఘం ఎలా బతికిందో చెప్పలేం.

హోదాను ఒక పక్క, రహస్యాన్ని ఇంకో పక్క పెట్టి చూడటం వల్లే ఈ చిక్కు వస్తుంది. నిజానికి ఆ రెండూ ఒకటే. దొంగల సంఘంలో ఒక మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడంటే, అతను నోరు విప్పితే ఎంతమంది మునుగుతారన్నదే జవాబు. చేతివాటానికి ఆ మెట్టుతో పెద్దగా పనిలేదు.

పని పేరు వేరు, మెట్టు వేరు

1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే రోల్‌ప్లేయింగ్ ఆట తాలూకు ఆటగాళ్ల పుస్తకం దొంగ పాత్రకు మెట్టుమెట్టుకూ ఒక పేరు పెట్టింది. రెండో మెట్టులో ఫుట్‌ప్యాడ్, అంటే దారికాచి దోచేవాడు. మూడో మెట్టులో కట్‌పర్స్, డబ్బుసంచి తాడు కోసేవాడు. ఐదో మెట్టులో బర్గ్‌లర్, ఇళ్లలో దూరేవాడు. పదో మెట్టు చేరితే మాస్టర్ థీఫ్. పాత్ర ఎదుగుతోందన్న ఉత్సాహం ఇవ్వడానికి ఆ పేర్లు బాగా పనికొచ్చాయి, ఆ తర్వాతి కల్పనల మీద వాటి ముద్ర కూడా పడింది. కానీ వాటిలో చాలావరకు పనుల పేర్లు. ఇరవై ఏళ్లు సంచులు కోసినవాడు ఇరవై ఒకటో ఏట గునపం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లడు. వేలికొసల నేర్పు వేరు, గోడ గుణం తెలిసిన నేర్పు వేరు.

నిజంగా దొరికిపోయిన ముఠాల్లోనూ పేర్లు పనిని బట్టే ఉన్నాయి. 1455లో ఫ్రాన్స్‌లోని డిజాన్‌లో కొకియార్ అనే ముఠా మీద విచారణ జరిగింది. ఆ కాగితాల్లో వాళ్ల మాటలూ వాటి అర్థాలూ రాసిపెట్టారు. కొక్కెంతో తాళాలు తీసేవాడికి ఒక పేరు, అమాయకుణ్ణి జూదానికి లాక్కొచ్చేవాడికి ఇంకో పేరు. సంచి తాళ్లు కోసేవాణ్ణి ద్రాక్షగుత్తులు కోసే కూలీ అనేవాళ్లు. ఎంత చక్కటి మాటో చూడండి. కోసేది గుత్తి అయినా సంచి అయినా కత్తి కదిలే తీరు ఒకటే.

నేర్పు గురువు నుంచి శిష్యుడికి వస్తుంది, దానికి సంఘం అక్కర్లేదు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడనే కన్నపుదొంగ కార్తికేయుడికి మొక్కి, తాను యోగాచార్యుడి మొదటి శిష్యుణ్ణని చెప్పుకుంటాడు. నీళ్లకు నానిన చోటు, ఉప్పు తినేసిన ఇటుక ఎక్కడుందో వెతికి కన్నం మొదలుపెడతాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. కన్నంలోంచి ముందుగా బొమ్మమనిషిని లోపలికి పంపి చూస్తాడు. తలుపు కిర్రుమంటుందని నీళ్లు చల్లుతాడు, ఆ నీళ్లు నేల మీద పడి చప్పుడవుతుందేమోనని భయపడతాడు. అంత పనిమంతుడు ఆ రాత్రి ఒంటరిగానే వెళ్లాడు. అతన్ని తెచ్చి మీ సంఘంలో పెడితే నేర్పు చూసి వెంటనే పెద్దను చేయాలనిపిస్తుంది. చేయకండి. రోజూ గోడలెక్కేవాడు రోజూ పట్టుబడే ప్రమాదంలో ఉంటాడు. అలాంటివాడికి ఎంత తక్కువ తెలిస్తే సంఘానికి అంత మేలు. గజదొంగ అనేది జనం ఇచ్చే బిరుదు, సంఘం ఇచ్చే పదవి అయి ఉండకూడదు.

తెలిసినదాన్ని బట్టి మెట్టు

20,000 జనాభా ఉన్న ఒక కల్పిత నగరం తీసుకుందాం.

సంఘం అంచున వేగులు ఉంటారు. సంతలో అడుక్కునే పిల్లలు, సత్రంలో గిన్నెలు కడిగేవాళ్లు, పెద్దిళ్లలో పనివాళ్లు. వీళ్లు సభ్యులు కారు, ఏ ఒట్టూ వేయరు. వీళ్లకు ఒక్క మొహం తెలుసు, చెప్పిన కబురుకు చిల్లర అందే ఒక్క చోటు తెలుసు. వీళ్ల ముందు సంఘం అన్న మాటే రాకూడదు. కథల్లో వీళ్లను ఊరికే గుంపుగా వాడేస్తారు గానీ, ఒక్కో జట్టుకు పదిమందైనా వేగులు లేకపోతే ఆ జట్టు గుడ్డిది.

శిష్యుడికి తన గురువు తెలుసు, జట్టులో మిగతావాళ్ల మారుపేర్లు తెలుసు. ఇళ్లు తెలియవు. ఏడాది, ఏడాదిన్నర ఇలాగే సాగుతుంది. శిష్యుడి మీద గురువు పూచీ పడతాడు, కుర్రాడు వాగితే జరిమానా గురువు వాటాలోంచి పోతుంది. కొవ్వొత్తుల మధ్య వేసే ఒట్టుకన్నా ఈ పూచీ గట్టిది, ఎందుకంటే నోరు జారే కుర్రాణ్ణి సంఘం కన్నా ముందు గురువే కనిపెట్టి వదిలించుకుంటాడు.

పనివాడు పూర్తి సభ్యుడు. జట్టుకు ఐదుగురు, అందులో ఒకడు మేస్త్రీ. ఐదుగురికీ ఒకరికొకరు బాగా తెలుసు. ప్రాణం మీదికి వచ్చే పనిలో పక్కవాడి మొహం తెలియకపోతే కుదరదు. మేస్త్రీకి అదనంగా ఇద్దరు తెలుసు: సొత్తు కొనేవాడు, తన పైనున్న మధ్యస్థుడు. ఇంకో జట్టు మేస్త్రీ ఎవరో తెలియకూడదు. నాలుగు జట్లకు ఒక మధ్యస్థుడు. 12 జట్లకు ముగ్గురు. ఆ ముగ్గురికీ పైన పెద్దాయన.

లెక్క చూద్దాం. మొత్తం 64 మంది. అందరికీ అందరూ తెలిస్తే పరిచయాల జంటలు 2,016. పైన చెప్పినట్టు విడగొడితే ఒక్కో జట్టులో 10 జంటలు, 12 జట్లకు 120. మేస్త్రీకీ మధ్యస్థుడికీ మధ్య 12, మధ్యస్థులకూ పెద్దాయనకూ మధ్య 3. మొత్తం 135. పనివాడు దొరికితే నలుగురు బయటపడతారు. మేస్త్రీ దొరికితే ఆ నలుగురితో పాటు మధ్యస్థుడు, సొత్తు కొనేవాడు కూడా ప్రమాదంలో పడతారు. మధ్యస్థుడు దొరికితే నాలుగు జట్లూ తలలు దాచుకోవాల్సిందే. మెట్టు పెరిగేకొద్దీ మనిషిని వీధి నుంచి దూరంగా, చేతికి మట్టి అంటని చోట ఎందుకు ఉంచాలో ఈ లెక్కే చెబుతుంది. అది పెద్దరికపు సుఖం అనుకుంటారు గానీ, కింది 60 మంది ప్రాణాలకు అదే కంచె.

చావుదెబ్బలు తిన్నా జీవితాంతం నోరు విప్పకూడదని ఒట్టు పెట్టించే సంఘాలు కథల్లో బోలెడు. మనిషి శరీరం ఆ ఒట్టును మోయలేదు. ఒక పగలు, ఒక రాత్రి ఓర్చుకోమని అడగవచ్చు. పట్టుబడ్డ కబురు వేగుల ద్వారా జట్టుకు చేరడానికి, నలుగురూ ఇళ్లు మారడానికి, సొత్తు దించే చోటు ఖాళీ చేయడానికి ఆ గడువు చాలు. గడువు దాటాక అతను ఏం చెప్పినా తప్పు పట్టకూడదు. ఈ నియమం ఉన్న సంఘంలో పట్టుబడ్డవాడు నిజంగా ఓర్చుకుంటాడు, ఎందుకంటే ఓర్పుకు ఒక చివర కనిపిస్తుంది.

మంత్రాలున్న లోకంలో ఇది మరీ ముఖ్యం. నిజం కక్కించే మంత్రం ఉంటే ఒట్లన్నీ వృథా. శవం చేత మాట్లాడించే మాంత్రికుడు కొత్వాలు కొలువులో ఉంటే, తెలిసినవాణ్ణి చంపేస్తే గుట్టు నిలుస్తుందన్న పాత లెక్కా చెల్లదు. అలాంటి లోకంలో నిలిచే రహస్యం ఒక్కటే, మనిషికి అసలు తెలియనిది. మంత్రం ఎంత బలమైనదైతే జట్లు అంత చిన్నవి కావాలి, ఐదుగురికి బదులు ముగ్గురు.

ఒక రాత్రి, ఐదుగురు

ఒక వ్యాపారి మూడు రాత్రులు ఊళ్లో ఉండడని పనిమనిషి చెప్పింది. మేస్త్రీ ఆ ఒక్క మాట నమ్మడు. మొదటి వేగుతో సంబంధం లేని రెండో వేగును బండ్లశాల దగ్గర పెట్టి, ప్రయాణపు బండి కట్టారా లేదా చూడమంటాడు. రెండు కబుర్లూ కలిస్తేనే పని. మొదటి రాత్రి చూడటానికే పోతుంది: గస్తీ ఎంత సేపటికి ఒకసారి వస్తుంది, ఎటు నుంచి ఎటు తిరుగుతుంది, ఏ ఇంట్లో దీపం ఆలస్యంగా ఆరుతుంది.

రెండో రాత్రి ఇద్దరు వీధి చివరలు కాస్తారు. వాళ్లకు ఏ ఇల్లో తెలుసు, ఏ గదో తెలియదు. మేస్త్రీ, ఇంకొకడు కలిసి కన్నం వేసి లోపలికి వెళ్తారు. ఐదోవాడు సొత్తు మోసేవాడు, గోడ బయటే మూట అందుకుంటాడు. మూట ఎక్కడ దించాలో ఆ పూట అతనికి మాత్రమే చెబుతారు. గోడ దగ్గర దొరికిపోయిన ఇద్దరూ మూట ఎటు పోయిందో చెప్పాలన్నా చెప్పలేరు.

తప్పులు ఎక్కువగా గోడ దగ్గర జరగవు, మూట దించే చోట జరుగుతాయి. తెల్లవారేలోగా మూట తీసుకెళ్లేవాడు రాలేదనుకోండి. నియమం లేకపోతే మోసేవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోతాడు, మర్నాడు సోదాలో వాడి మంచం కింద దొరుకుతుంది. అందుకే ముందే చెప్పి ఉంచాలి: తొలి కోడి కూసేదాకా చూడు, రాకపోతే ఫలానా పాడుబావిలో జారవిడిచి వెళ్లిపో. సొత్తు పోతే పోయింది. నాటి పనికి పడ్డ కష్టమంతా బావిపాలవుతుందని కథ రాసేవాళ్లకు మనసొప్పదు గానీ, ఆ నష్టం భరించగల సంఘమే నిలబడుతుంది.

వాటాల దగ్గర వచ్చే పేచీ

ఆ మూట విలువ 300 వెండి నాణేలు. దొంగసొత్తు కొనేవాడు మూడో వంతు ఇస్తాడు, 100. మిగతా 200 అతని అత్యాశ కాదు. నగ కరిగించాలి, గుర్తులు చెరపాలి, దూరపు ఊళ్లో అమ్మాలి, ఏడాదిలో ఒకటి రెండు మూటలు దండుగ పోతాయి. వచ్చిన 100లో కొత్వాలు మనుషుల మామూళ్లకు 20, సంఘం పెట్టెకు 15, జాడ చెప్పినవాళ్లకు 10. మిగిలిన 55లో మేస్త్రీకి 15, నలుగురికీ తలా 10. పెట్టె డబ్బు పైవాళ్ల జీతాలకూ, జైల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు బియ్యం పంపడానికీ. ఈ చివరి ఖర్చును ఎప్పుడూ తగ్గించకూడదు. చెరసాల్లో ఉన్నవాడి పిల్లలు పస్తులుంటున్నారన్న కబురు చాలు, వాడి నోరు తెరిపించడానికి కొరడా అక్కర్లేదు.

ఇక్కడ రహస్యమే సంఘాన్ని తినడం మొదలుపెడుతుంది. కొనేవాడి మొహం మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. అతను 100 ఇచ్చాడో 130 ఇచ్చాడో నలుగురికీ ఎలా తెలుస్తుంది? మేస్త్రీ నిజాయితీపరుడే అయినా అనుమానం ఆగదు. నలుగురిలో ఒకణ్ణి వెంట పంపితే కొనేవాడి గుట్టు ఇంకొకడికి తెలిసిపోతుంది.

దీనికి చరిత్రలో ఒక పాత ఉపాయం ఉంది, గాట్ల పుల్ల. ఇంగ్లండ్ ఖజానా 1826 దాకా దాన్నే వాడింది. మొత్తాన్ని పుల్ల మీద గాట్లుగా కోసి, పుల్లను నిలువునా చీలుస్తారు. ఒక చీలిక ఇచ్చినవాడి దగ్గర, ఒకటి పుచ్చుకున్నవాడి దగ్గర. రెండూ కలిపితే గాట్లూ చెక్క పోగులూ సరిగ్గా అతకాలి. సంఘంలో కొనేవాడు గాట్లు పెట్టి చీల్చి, ఒక చీలిక మేస్త్రీకి ఇస్తాడు, రెండోది సొంత మార్గంలో మధ్యస్థుడికి పంపుతాడు. మధ్యస్థుడు దాన్ని జట్టు చూసే చోట పెట్టిస్తాడు. నలుగురూ రెండు చీలికలూ అతికించి చూసుకుంటారు. సంఖ్య తెలుస్తుంది, మొహం తెలియదు. చూసిన వెంటనే పొయ్యిలో వేయాలి. పాత పుల్లలు పోగేస్తే ఏమవుతుందో లండన్‌కు బాగా తెలుసు. 1834లో వాటిని ఒకేసారి కాల్చబోతే పార్లమెంటు భవనమే తగలబడింది.

వాటా ఒకేసారి చేతిలో పెట్టకపోవడం ఇంకో జాగ్రత్త. 10 నాణేలు ఒక్క రాత్రి కల్లుపాకలో ఖర్చయితే పక్కబల్ల మీదివాడికి సంగతి అర్థమవుతుంది. వారానికి రెండు చొప్పున ఐదు వారాలు ఇస్తే కూలి డబ్బుల్లో కలిసిపోతుంది.

దాక్కోవాల్సినవి పేర్లే

సంఘం ఉందన్న సంగతే ఎవరికీ తెలియకూడదని చాలామంది రాస్తారు. అది నిలవదు, ఎందుకో లెక్కే చెబుతుంది. రోజుకూలి ఒక వెండి నాణెం అనుకుందాం. 64 మందికి ఏడాదికి 23,360 కావాలి. ఆదాయంలో ఐదో వంతు మామూళ్లకు పోతుంది కాబట్టి 29,200 రావాలి. కొనేవాడు మూడో వంతే ఇస్తాడు కాబట్టి 87,600 విలువైన సొత్తు ఎత్తాలి. 20,000 జనాభా అంటే సుమారు 4,000 ఇళ్లు. దోచదగినవి పదో వంతు, 400. ఏటా ఒక్కో ఇంటి నుంచి 219 నాణేలు, అంటే ఏడు నెలల కూలి. ఆ ఊళ్లో డబ్బున్నవాడెవడూ రెండో ఏడు ఉండడు, లేదా అందరూ కలిసి సైన్యాన్ని పెట్టుకుంటారు.

కాబట్టి సంఘం దొంగతనం మీద మాత్రమే బతకదు. దొంగతనం జరగకుండా చూసినందుకూ, జరిగాక సొత్తు తిరిగి ఇప్పించినందుకూ డబ్బు తీసుకుంటుంది. 300 విలువైన నగకు కొనేవాడు 100 ఇస్తే, పోగొట్టుకున్నవాడు 150 ఇచ్చి సంతోషంగా తీసుకెళ్తాడు. లండన్‌లో జోనథన్ వైల్డ్ సరిగ్గా ఇదే చేశాడు. దొంగలను పట్టించే పెద్దమనిషిగా పేరు తెచ్చుకుని, తన దొంగలే ఎత్తిన వస్తువులు సొంతదారులకు ఇప్పించి ప్రతిఫలం పుచ్చుకునేవాడు. మాట వినని దొంగలను ఉరికి అప్పగించి ప్రభుత్వం దగ్గర బహుమతి తీసుకునేవాడు. చివరికి 1725లో అతన్నీ ఉరితీశారు.

ఇలాంటి ఆదాయం రావాలంటే సంఘం ఉందని ఊరంతా నమ్మాలి, దాని దగ్గరికి వెళ్లడానికి ఒక గుమ్మం ఉండాలి. ఆ గుమ్మంలో కూర్చునే మనిషికి సంఘంలో ఏ మెట్టూ ఉండకూడదు. కబురు తీసుకుంటాడు, కబురు ఇస్తాడు, అంతే. దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టు అన్న సామెతలో ఉన్న పని, ఏ వీధి ఎవరిది అన్న పంపకం, అతనికి తెలిసే చోట జరగకూడదు.

మర్మభాష, గుర్తులు

దొంగభాషను పూర్తి భాషగా ఊహిస్తారు. డిజాన్ కాగితాల్లో కనిపించేది మాటల మార్పిడి: వ్యాకరణం మామూలుదే, కొన్ని నామవాచకాలూ క్రియలూ మారతాయి. మీ సంఘానికీ ఒక 60, 70 మాటలు చాలు, అవి కూడా వేరే పనివాళ్ల మాటల్లా వినపడాలి. గస్తీని ‘వాన’ అన్నారనుకోండి, ‘వాన వచ్చేలా ఉంది’ అంటే పక్కవాడికి అనుమానం రాదు. ఎవరూ వినని వింత మాట వాడితే, ఆ మాటే మనిషిని పట్టిస్తుంది. కాగితం మీద మాత్రం ఏదీ పెట్టకూడదు. 1613లో అచ్చయిన స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ కథలో సెవిల్ దొంగల పెద్ద మోనిపోడియో ఎవరెవరికి ఎన్ని కత్తిగాట్లు పెట్టాలో ఒక పుస్తకంలో రాయించుకుంటాడు. అతనికి చదువు రాదు, కొత్తగా చేరిన కుర్రాడి చేత చదివించుకుంటాడు. చేరిన మొదటి రోజే కుర్రాడికి సంఘం పద్దులన్నీ తెలిసిపోయాయి.

సంకేతపదం మార్చినప్పుడు ఎవరో ఒకరికి అందదు. జ్వరంతో పడుకున్నవాడు పాత మాట చెప్పి తలుపు తడతాడు. అందుకని పాత మాటకు శిక్ష ఉండకూడదు, బయట ఆపి మొహం తెలిసినవాణ్ణి పిలిపించాలి. దానికి తోడు ఎప్పుడూ మారని ఒక మాట ఉండాలి: ‘నా వెనక కత్తి ఉంది’ అని చెప్పే మాట. వింటున్న శత్రువుకు అదే అసలు సంకేతం అనిపించాలి, తలుపు కూడా మామూలుగానే తెరుచుకోవాలి. లోపలివాళ్లు మాత్రం అప్పటికే వెనకదారిన వెళ్లిపోతుంటారు.

ఇంటిదొంగ, ఆ తర్వాత పెద్దాయన చావు

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. విడగొట్టిన సంఘంలో మాత్రం పట్టే దారి ఒకటుంది. నలుగురు మేస్త్రీల మీద అనుమానం ఉంటే మధ్యస్థుడు నలుగురికీ నాలుగు వేర్వేరు సందులు చెబుతాడు, ఎల్లుండి రాత్రి సొత్తు అక్కడ మారుతుందని. ఏ సందులో భటులు మాటు వేశారో వేగులు చూసి చెబుతారు. కథలో ఇది ఒక్కసారే పనిచేయాలి. తెలివైన కొత్వాలు ఆ రాత్రి ఎక్కడికీ రాడు, లేదా వేరే సందులో మాటు వేయించి అమాయకుడి మీదికి నింద తోస్తాడు. మేస్త్రీలు ఒకరికొకరు తెలియకపోవడం ఇక్కడా అక్కరకొస్తుంది. తెలిస్తే నలుగురూ మాట్లాడుకుని ఉచ్చును ఇట్టే గుర్తుపడతారు.

అన్నీ తెలిసిన మనిషి ఒక్కడే ఉంటే, అతను నిద్రలో పోయిన రాత్రి సంఘమూ పోతుంది. పెట్టె ఎక్కడుందో, మామూళ్లు ఎవరికి వెళ్తున్నాయో ఎవరికీ తెలియదు. వారసుడికి ముందే చెబుదామంటే, వాడు తనను చంపడానికి కారణం పెద్దాయనే కల్పించినట్టవుతుంది. ఇక్కడ ముగ్గురు మధ్యస్థులు పనికొస్తారు. పెద్దాయనకు తెలిసినదాన్ని మూడు ముక్కలు చేయాలి. మొదటి మధ్యస్థుడికి ఒకటో ముక్క, రెండో ముక్క. రెండోవాడికి రెండు, మూడు. మూడోవాడికి మూడు, ఒకటి. ఒక్కడి వల్ల ఏమీ కాదు. ఏ ఇద్దరు కలిసినా మొత్తం వచ్చేస్తుంది, ఒకడు చచ్చినా పట్టుబడ్డా పని ఆగదు.

అయితే ముగ్గురూ ఒకరికొకరు తెలియకూడదు కదా, పెద్దాయన పోయాక కలుసుకునేది ఎలా? గాట్ల పుల్లే మళ్లీ కావాలి. ఒక పుల్లను మూడుగా చీల్చి తలా ఒకటి ఇచ్చి ఉంచాలి. ఎక్కడ కలవాలో, పెద్దాయన కబురు ఎన్ని రోజులు అందకపోతే కలవాలో ముగ్గురికీ ముందే తెలిసి ఉండాలి. నలభై రోజులు పెట్టవచ్చు, ప్రయాణమో జబ్బో అయితే అప్పటికి తేలిపోతుంది. నలభై ఒకటో రోజు సాయంత్రం ముగ్గురు అపరిచితులు ఒకే రేవు మెట్ల దగ్గరికి వస్తారు, చేతుల్లో అరచేతి పొడుగు చెక్క చీలికలతో. ఇద్దరే వస్తే, రెండు చీలికలూ అతికితే, మూడోవాడి కోసం చూడకుండా వెంటనే అక్కడి నుంచి కదలాలి.